కింది పదకొండు పంక్తులు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు యాభై మూడో ఏట వచ్చాయి. ఎక్కడైనా ఒత్తో దీర్ఘమో తప్పితే మీరే సరిచేసుకుని చదువుకోండి. రాయడం కూడా నిదానమే, అందుకే పోయిన వారం భాగం పొట్టిగా వచ్చింది. ఆగిన చోటి నుంచే మొదలుపెడుతున్నాను.

*

“నువ్వు రాసినట్టే చేశానమ్మా,” అంది ఆడపడుచు. “ఒక్క మాట తప్పలేదు. మరి ఆ పిల్ల ఎందుకు పోయింది?”

కోడలు టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడిపోయింది.

ఆడపడుచు ముందు గదిలో, చెప్పులు విడిచే చోట చిన్న పీట మీద కూర్చుని ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆమె ఒళ్లో ప్లాస్టిక్ కవరు, కవరులో పేపర్ ముక్క. ఐదు వారాల కిందటి ఆదివారం పేజీ అది. పైన ‘దారి దొరికింది’ అని పెద్ద అక్షరాలు, వాటి కింద కోడలి పేరు.

పోయింది దర్జీ కూతురు. ఆరేళ్లది. మొన్న మధ్యాహ్నం ఆసుపత్రిలో కన్నుమూసింది. ఇంకా ఎనిమిది మంది అదే వార్డులో సెలైన్ సీసాల కింద పడుకుని ఉన్నారు. అందరూ ఆడపడుచు వీధివాళ్లే. బావి నీళ్లు వడగట్టడానికి ఆమె పెట్టించిన ఇసుక తొట్టి నీళ్లే అందరూ తాగారు.

“నిన్న దర్జీ బావమరిది గడ్డపార తెచ్చి తొట్టి పగలగొట్టాడు,” అంది ఆడపడుచు. “నేను ఆపలేదు. పగిలాక కింద గుంటలో నీళ్లు నిలిచాయి. అద్దంలా ఉన్నాయమ్మా. అడుగున గులకరాళ్లు కూడా కనిపించాయి. అంత తేట నీళ్లు తాగి పిల్ల ఎలా పోతుంది?”

“నీకెందుకే వీధి పెత్తనం?” అని అందుకుంది అత్తగారు, కూతురి మీద కోపమో భయమో తెలియని గొంతుతో. “అందరికీ నీళ్లు పోయించడానికి నువ్వేమైనా మంత్రివా?”

“మంత్రి కోసం తొమ్మిదేళ్లు చూశామమ్మా. రాలేదు.”

“రాకపోతే బురదనీళ్లే తాగాల్సింది. ఇన్నాళ్లూ తాగలేదూ?”

“తాగాం. ఏడాదికి ఇద్దరు పోయేవాళ్లు. అప్పుడు ఎవరూ గడ్డపార తేలేదు.”

అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంది.

స్నానాల గదిలో నీళ్లు పడుతూనే ఉన్నాయి. కోడలి మొగుడు లోపలికి వెళ్లి ముప్పావుగంట అయింది. బకెట్టు ఎప్పుడో నిండి పారుతున్న చప్పుడు అందరికీ వినబడుతోంది.

“నాలుగింటికి ఆరోగ్య శాఖ ఆయన ఇక్కడికే వస్తానన్నాడు,” అంది ఆడపడుచు. “వాంగ్మూలం రాసుకుంటాడట. మా వీధిలో నన్ను నిలబడనివ్వడం లేదు కదా. తప్పంతా నాదే అని చెప్పి సంతకం పెట్టేస్తాను.”

“పెడితే కేసు అవుతుందే పిచ్చిదానా! లోపల వేస్తారు!”

“తొట్టి పెట్టింది నేను. పొద్దున్నే లేచి బిందెలు నింపి ఇచ్చింది నేను. ఆ పిల్లకి గ్లాసుతో అందించింది కూడా నేనే. ఇంకెవరి పేరు చెప్పమంటావ్?”

తర్వాత కోడలి వైపు తిరిగి, నెమ్మదిగా అంది: “నిన్ను అనడం లేదమ్మా. నువ్వు మంచే రాశావు. ఈ పేజీ తెచ్చిచ్చింది మా తమ్ముడే. ‘అక్కా, ఇది మీ వీధికి సరిగ్గా సరిపోతుంది’ అని వాడే గోడకి అంటించి వెళ్లాడు.”

స్నానాల గదిలో కుళాయి ఆగిపోయింది.

*

వంటింట్లో మొగుడూ పెళ్లాం ఎదురెదురుగా నిలబడ్డారు. కోడలు తలుపు దగ్గరగా వేసింది.

“పేరా ఉంది,” అంది.

“గట్టిగా మాట్లాడకు.”

“గట్టిగా మాట్లాడటం లేదు. ఉంది అంటున్నాను. చివరి పేరా. ఈ తొట్టి బురదని ఆపుతుంది, జబ్బుని ఆపదు అని రాశాను. ఈ తొట్టి ముందుగా పెట్టుకున్న మెట్ల వీధి వాళ్లు వడగట్టాక కాచుకుని తాగుతున్నారని రాశాను. మురుగు కాలవ పక్కనున్న బావికి ఇది పెట్టకూడదని నీళ్లు పరీక్ష చేసే ఆవిడ చెప్పింది, అదీ రాశాను. మీ అక్కయ్య వాళ్ల బావి కాలవకి ఎంత దూరం?”

“పదకొండు పంక్తులు,” అన్నాడు అతను.

“ఏమిటి?”

“ఆ పేరా. పదకొండు పంక్తులు. లెక్కపెట్టాను కదా.”

“చదివారా?”

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. అవి ఎప్పుడో ఆరిపోయాయి. మళ్లీ తుడుచుకున్నాడు.

“పరుపుల కొట్టు ప్రకటన ఆఖరి నిమిషంలో వచ్చింది. పదకొండు పంక్తులు ఎక్కువయ్యాయి. కింది నుంచి తీశాను. ఇరవై రెండేళ్లుగా పేజీలు పెడుతున్నాను, ఎప్పుడూ కింది నుంచే తీస్తున్నాను. ముఖ్యమైనది పైన రాస్తారు, కింద ఉన్నది పోయినా పరవాలేదు. మాకు నేర్పిందే అది. ప్రతి ముక్కా చదువుతూ కూర్చుంటే పేజీ బయటికి వెళ్తుందా?”

అతను చెప్పింది అబద్ధం కాదు. ఆ ఆఫీసులో అది మొదటి నుంచీ ఉన్న పద్ధతి. హత్యో ప్రమాదమో అయితే తోక కోసినా నష్టం లేదు. పోయినవాడు మొదటి పంక్తిలోనే పోయి ఉంటాడు. కోడలి పేజీ అలాంటిది కాదు. కష్టం ఏమిటి, దానికి ఎవరు ఏం చేశారు, పనిచేసిందనడానికి రుజువేమిటి, ఆఖరున అది ఎక్కడ పనిచేయదు. ఆ వరసలో రాయాలని ఆమెకు శిక్షణలో చెప్పారు. ఆ నాలుగోది లేకపోతే అది వార్త కాదు, ప్రకటన అని కూడా చెప్పారు. ఆ మాట కాగితం మీద రాసి తన బల్లకు అంటించుకుంది. పేజీ కొత్తది, కత్తెర పాతది. ఆ రెంటికీ ఒక మాట కలపాలని ఆఫీసులో ఎవరికీ తోచలేదు.

“వదినకి చెప్పాలి,” అంది కోడలు. “నాలుగింటిలోపల చెప్పాలి.”

“నువ్వు మాత్రం ఏం చేశావ్?” అతని గొంతు పెరిగింది, మళ్లీ తనే తగ్గించుకున్నాడు. “ఆ ఆదివారం పొద్దున్న పేపర్ విప్పి, చివరిది పోయిందే అన్నావు. అన్నావా లేదా? మర్నాడు ఫోన్లు మొదలయ్యాయి, ఉత్తరాలొచ్చాయి. మన ఎడిటరు పెద్దాయన అందరినీ నిలబెట్టి నీకు చప్పట్లు కొట్టించాడు. ఆ తర్వాత మళ్లీ ఎత్తావా ఆ మాట?”

ఆమె పొయ్యి వైపు చూసింది. టీ పొంగి పొయ్యి మీద ఎండి అట్టకట్టి ఉంది.

“వచ్చే వారం వేయిద్దాం అనుకున్నాను.”

“ఐదు వచ్చే వారాలు వెళ్లిపోయాయి.”

గోడ అవతల అత్తగారు కూతురిని బతిమాలుతోంది. ఒక్క ముద్ద తిను, పోనీ మంచినీళ్లయినా తాగు అని. ఆ రెండో మాట అనేశాక ఆవిడే నాలుక కరుచుకుంది.

“ఉద్యోగం పోతే పోయింది,” అన్నాడు చివరికి. “అక్కకి తెలిస్తే ఇంక నా మొహం చూడదు. చెప్పొద్దు. నేను... నేను ఏదో ఒకటి చేస్తాను.”

“ఏం చేస్తారు?”

అతను తువ్వాలు మడత పెట్టాడు. దాన్నే విప్పి ఇంకోలా మడత పెట్టాడు.

కోడలు చేతిసంచీ తగిలించుకుని వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

*

“ఏం మంచికబుర్లమ్మా, ఇవాళ ఎవరిని బాగుచేస్తున్నావ్?” అన్నాడు నేరాలాయన.

హత్యలూ దొంగతనాలూ రాసే ఆయనకు ఆఫీసులో ఆ పేరు స్థిరపడిపోయింది. కోడలికి పెట్టిన పేరు మాత్రం ఆయన సొంతం. రోజూ అనే మాటే ఇవాళా నోరు జారి అనేశాడు. ఆమె మొహం చూసి పెన్ను వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాడు.

పెద్దాయన గదిలో గోడకు ఊరి పటం ఉంది. తొట్టి పెట్టుకున్న వీధి ఒక్కోదానికి ఒక్కో ఆకుపచ్చ గుండుసూది. పద్నాలుగు సూదులు. వాటిలో ఒకటి ఎవరో పీకేశారు. పటంలో చిన్న చిల్లు మిగిలింది.

“సవరణ వేయాలి సార్,” అంది కోడలు. తన కంప్యూటర్‌లోంచి తీసిన అసలు ప్రతిని బల్ల మీద పెట్టింది. “మొదటి పేజీలో. మా పొరపాటు అని.”

పెద్దాయన కాగితం చదివాడు. ఆఖరి పేరా రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“కూర్చో. నేను చెప్పేది విని తర్వాత తిట్టుకో. మూడేళ్ల కిందట మన పేపర్ విప్పితే ఏముండేది? శవాలు. జనం మానేశారు, పొద్దున్నే చదివితే అన్నం సహించడం లేదని. నీ పేజీ వచ్చాక రైలు గేటు దగ్గర బడికి పైకప్పు పడింది. ఎట్లా? పక్క ఊళ్లో ఎలా వేసుకున్నారో నువ్వు రాస్తే చూసి వేసుకున్నారు. ఆసుపత్రికి బస్సు ఎట్లా వచ్చింది? అలాగే వచ్చింది. ఇప్పుడు మనం చేతులారా తప్పు చేశామని వేస్తే, రేపట్నుంచి నువ్వు ఏం రాసినా ‘ఇది ఎవరి ప్రాణం తీస్తుందో’ అంటారు.”

“అనాలి సార్.”

“ఆ పేజీ పోతుందమ్మా. మళ్లీ శవాలే.”

“ఇప్పుడు ఆ పేజీలోనే శవం ఉంది కదా.”

పెద్దాయన కుర్చీ వెనక్కి జరిపాడు.

“పదమూడు సూదులున్నాయి సార్ ఇంకా,” అంది. “వాళ్లు ఈ పూట కూడా ఆ నీళ్లే తాగుతున్నారు.”

“మైకు కట్టి ఆటో పంపించాను పొద్దున్నే. కాచి తాగండని చెప్తోంది. రేపు రెండో పేజీలో చుట్టూ గీతలతో పెట్టె కట్టి అదే వేస్తున్నాం.”

“ముందే రాశామని, మేమే తీసేశామని వేస్తారా?”

“వేయను.”

“మరి మా వదిన?”

ఆయన పటం వైపు చూశాడు. “తొట్టి పెట్టింది మీ వదిన. మనం పెట్టలేదు.”

ఆ మాట అన్నాక ఆయనకే సిగ్గేసిందో ఏమో, మళ్లీ కళ్లజోడు పెట్టుకుని కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. ఆమె ఇంకా నిలబడి ఉందని తెలిసీ తల ఎత్తలేదు.

బయట నేరాలాయన ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. చేతిలో అచ్చుకు సిద్ధమైన ముక్క.

“దాచి చేసే పని కాదు, చూడు,” అని చూపించాడు. ‘వీధికి విషం పట్టిన తొట్టి’ అని పైన. లోపల ఆడపడుచు వయసు, ఇంటి గుర్తు, మొగుడు ఎప్పుడు పోయాడో కూడా ఉంది.

“అన్నయ్యా, ఆవిడ విషం పెట్టలేదు.”

“నాకు తెలుసు చెల్లెమ్మా. కానీ నా ముక్కలో ఎవరో ఒకరు దోషి ఉండాలి. దోషి లేకపోతే అది వార్త కాదు, వాతావరణ సూచన.”

“దోషి కావాలంటే నన్ను వేసుకో.”

అతను నవ్వలేదు. “కాగితంలో ఎవరి పేరుంటే వాళ్లనే వేస్తాను. నాలుగింటికి ఆరోగ్య శాఖ కాగితం మీద ఎవరి సంతకం పడితే వాళ్లు. ఐదింటిదాకా ఈ ముక్క నా దగ్గర ఆపగలను. అంతకు మించి ఆపితే నన్నూ మీ ఆయన్నీ కలిపి బయట కూర్చోబెడతారు.”

“మా ఆయన సంగతి నీకెవరు చెప్పారు?”

“ఈ ఆఫీసులో కింది నుంచి కోసేది ఇంకెవరమ్మా?” అన్నాడు నేరాలాయన.

గోడ గడియారంలో మూడూ పదయింది.

*

ఆరోగ్య శాఖ ఆయన సమయానికే వచ్చాడు. సన్నటి మనిషి, మోకాళ్ల మీద అట్ట పెట్టుకుని రాసుకుంటున్నాడు. ఎదురుగా ఆడపడుచు, ఇప్పుడు కుర్చీలో కూర్చుంది. అత్తగారు ఆమె వెనక నిలబడి జడ సవరిస్తోంది, చిన్నపిల్లను బడికి పంపేటప్పటిలా.

కోడలి మొగుడు ఆఫీసు చొక్కా వేసుకుని కిటికీ దగ్గర ఉన్నాడు. డ్యూటీకి వెళ్లలేదు. అలా అని ఆ గదిలో ఉన్నట్టూ లేడు.

“‘నా ఇష్టప్రకారం, ఎవరి సలహా లేకుండా తొట్టి ఏర్పాటు చేశాను’,” అని ఆరోగ్య శాఖ ఆయన పైకి చదివాడు. “అంతేగా అమ్మా?”

“సలహా పేపర్లో చూశానండి.”

“పేపర్ వాళ్లు పెట్టమని చెప్పారా?”

“పెట్టుకుంటే బాగుపడ్డారు అన్నారు.”

“పెట్టమనలేదుగా. అయితే ఇదే సరిపోతుంది. ఇక్కడ సంతకం.”

ఆడపడుచు పెన్ను అందుకుంది. చేతిరాత బాగుండాలన్నట్టు కాగితాన్ని తిన్నగా జరుపుకుంది.

కోడలు చెప్పులతోనే లోపలికి వచ్చి, ఆ కాగితం మీద తన కాగితం పెట్టింది. పరిగెత్తి వచ్చిన ఆయాసంతోనే ఆఖరి పేరా మీద వేలు పెట్టి చూపించింది.

“ఏమిటిది?” అని ఆయన కళ్లు దగ్గరగా పెట్టి చదివాడు. “‘ఈ తొట్టి బురదను ఆపుతుంది, జబ్బును ఆపదు. వడగట్టిన నీళ్లను మెట్ల వీధి వాళ్లు కాచి తాగుతున్నారు. మురుగు కాలవకు దగ్గరలో ఉన్న బావులకు దీన్ని వాడకూడదు...’”

“మళ్లీ చదవండి,” అంది ఆడపడుచు.

ఆయన చదివాడు.

“ఇంకొక్కసారి.”

ఆయన కోడలి వైపు, అత్తగారి వైపు చూసి, మూడోసారి ఇంకా నెమ్మదిగా చదివాడు.

ఆడపడుచు ప్లాస్టిక్ కవరులోంచి తన ముక్క తీసింది. అడుగు దాకా వేలు జరుపుకుంటూ వెళ్లింది. అడుగున పరుపుల కొట్టు ప్రకటన. మెత్తటి పరుపు మీద ఒకావిడ నవ్వుతూ నిద్రపోతోంది.

“ఇక్కడ ఇది పడుకునుందే,” అంది. “ఇది పడుకున్న చోటేనా ఆ మాటలు ఉండాల్సింది?”

ఆమె వేలు ఆ బొమ్మ మీదే ఆగింది.

“కాచడానికి నాకేం బద్ధకం? ఇంట్లో పొయ్యి ఉంది. కట్టెలున్నాయి. ఒక్క మాట ఉంటే వీధి మొత్తానికీ కాచి పోసేదాన్ని.” ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. “చల్లారబెట్టి, ఆ పిల్లకి చల్లారబెట్టి ఇచ్చేదాన్ని.”

ఆరోగ్య శాఖ ఆయన పాత కాగితం పక్కన పెట్టి కొత్తది తీశాడు. “ఇది ఎవరు తీసేశారు?”

“ఆ మిషన్లేవో తీసేసుంటాయి నాయనా,” అంది అత్తగారు గబగబా. “ఇప్పుడన్నీ మిషన్లే కదా.”

కోడలు నోరు తెరిచింది. కిటికీ దగ్గరి నుంచి మాట ముందే వచ్చింది.

“నేను.”

అత్తగారి చేతిలో జడ జారిపోయింది.

“నేను తీశాను,” అన్నాడు అతను. “చదవలేదక్కా. పంక్తులు లెక్కపెట్టానంతే. చదవకుండానే తీసుకొచ్చి నీ గోడకి అంటించాను.”

ఆడపడుచు అతని వైపు తిరగలేదు. ఆ మాట కిటికీ అవతల వీధిలో ఎవరో అన్నట్టే ఉండిపోయింది. ఒళ్లో రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుంది. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా.

“వాడు చదవలేదట,” అంది కోడలితో. “వాడి సంగతి తర్వాత. రాసినదానివి నువ్వు. అచ్చయ్యాక చూసుకుంటావుగా?”

“చూసుకుంటాను వదినా.”

“నేను ఇసుక తెచ్చుకున్నది ఈ పేజీ వచ్చిన పన్నెండో రోజున. గుర్తుంది, ఆ రోజు దర్జీ కూడా రెండు బస్తాలు మోశాడు. పిల్ల వెనకాలే వచ్చింది.” ఆమె కోడలి కళ్లలోకి చూసింది. “ఇది పోయిందని నీకు తెలిసింది దానికి ముందా, తర్వాతా?”

దారి పొడుగునా కోడలు ఎన్నో జవాబులు కూర్చుకుంటూ వచ్చింది. పెద్దాయనకు, పోలీసులకు, దర్జీకి కూడా. ఈ ప్రశ్న వాటిలో లేదు.

మొగుడు ఆమె వైపు చూశాడు. అతనికి తెలుసు ఏ రోజో.

ఆరోగ్య శాఖ ఆయన పెన్ను విదిలించి, కాగితం మీద పెట్టి ఆగాడు.

“తేదీ చెప్పండమ్మా,” అన్నాడు. “ఇందులో తేదీ ఉండాలి.”

*

— రాసినది: బొత్తాలమామ్మ అని అందరూ పిలిచే మనిషి. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉండేది చిన్నమ్మాయి ఇంట్లో, మేడ మీద గదిలో.